కుస్తీ గోదా – బాల్యస్మృతి – చరిత్ర సత్యము

గ్రామములందు డెబ్బది యేండ్లు దాటిన పెద్దలు నలుగురు రచ్చబండపై గూడినచో, పంటల మాటలు, వానల మాటలు ముగిసిన పిమ్మట సంభాషణ బాల్యము వైపునకు మరలును. అట్టి వేళ దారాసింగు, కింగ్‌కాంగు అను పేర్లు వచ్చినంతనే వారి కన్నులలో వెలుగు పుట్టును. కొందరు తండ్రి భుజములపై గూర్చుండి పట్నములో కుస్తీ చూచినవారు. కొందరు చూచివచ్చినవారి నోట విన్నవారు. విన్నవారును చూచినట్లే చెప్పుదురు. కింగ్‌కాంగు పూటకు బుట్టెడు కోడిగ్రుడ్లు మ్రింగెడివాడని యొకరందురు. గ్రుడ్లు కావు, కోళ్లే యని మరియొకరు వాదింతురు. దారాసింగు అతనిని తలపైకెత్తి గిరగిర త్రిప్పి విసరెనని మాత్రము అందరును ఒక్కమాటగా పలుకుదురు.

చరిత్ర వ్రాయువానికి ఇట్టి జ్ఞాపకములు నిధులు, అవియే చిక్కులును. బాలుడు చూచినది అబద్ధము కాదు. కాని అతడు నమ్మినదంతయు నిజమును కాదు. గోదాలో నిలిచిన మల్లుని కండబలము నిజము. ఆతడు తిన్న దెబ్బల నొప్పి నిజము. గెలుపోటములు మాత్రము ముందుగనే కుదిరియుండవచ్చును. ఎవరు గెలిచిరను ప్రశ్నకును, చూచుచున్న బాలుని గుండె యేల అంతగా కొట్టుకొనెనను ప్రశ్నకును సమాధానములు వేరు. ఆ రెండింటిని వేరుపరచి చూచుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పురాణము నుండి గోదాకు

తెలుగు బాలునకు కుస్తీ మొదట కంటబడినది కాదు, చెవినబడినది. భాగవత దశమస్కంధమున కంసుని మల్లరంగములో చాణూర ముష్టికులను కృష్ణబలరాములు కూల్చిన ఘట్టము పురాణ కాలక్షేపములందు పిల్లలు నిద్రమాని వినెడి ఘట్టము. అందు నగర స్త్రీలు కొండలవంటి మల్లులకు పసిబాలురను జోడుపెట్టుట అధర్మమని సభను నిందింతురు. సమానుల నడుమ జరుగనిది పోరే కాదను న్యాయము ఆ నిందలో నిమిడియున్నది. తిక్కన తెలుగు చేసిన విరాటపర్వమున వలలుడను పేర వంటయింట మెలగుచున్న భీముడు జీమూతుడను మల్లుని మడియించును. ఆ కథయే 1963లో ‘నర్తనశాల’ చిత్రమై వచ్చినప్పుడు భీముని పాత్ర ధరించినది బరువులెత్తుటలో పేరుగాంచిన ఆంధ్రుడు దండమూడి రాజగోపాలరావు. వేషమునకు కండలు తగిలించుకొనవలసిన పని ఆయనకు లేకుండెను.

పురాణముల మాట యటుండగా, విజయనగర సామ్రాజ్యమున మల్లవిద్య యెట్లుండెనో చూచి వ్రాసినవారు కలరు. సుమారు 1520లో హంపికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయెస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించెను. రాయలు తెల్లవారక మునుపే నువ్వులనూనె త్రాగి, మేనెల్ల నూనె పట్టించుకొని, చేతులతో బరువులెత్తి, ఆ నూనె చెమటయై కారిపోవువరకు కత్తిసాము చేయుచుండెనట. పిదప తన మల్లులలో నొకనితో పెనగి, తరువాత గుర్రమెక్కి స్వారి వెడలుచుండెనట. మహానవమి ఉత్సవములలో జరిగిన మల్లయుద్ధములను గూడ పేయెస్ చూచెను. పండ్లూడునట్లు, ముఖములు వికృతములగునట్లు దెబ్బలు పడుచుండెననియు, తీర్పరులుగా నాయకులు నిలుచుచుండిరనియు వ్రాసెను. తన దేశపు కుస్తీకిని దీనికిని పోలిక లేదని ఆతడు ఆశ్చర్యపడెను.

మల్లునకు తెలుగున ‘జెట్టి’ యను పేరు కలదు. ఏ పనిలోనైనను ఆరితేరినవానిని ‘జగజెట్టి’ యనుట నేటికిని వాడుకలో నున్నది. విద్య మరుగుపడినను మాట మిగిలినది.

రాజుల నీడలో

పాతకాలపు కుస్తీ జరిగినది మట్టిలో. తాలింఖానాలో మెత్తని ఎర్రమన్ను జల్లెడపట్టి, నూనె, మజ్జిగ, పసుపు మొదలైనవి కలిపి, ప్రతిదినము త్రవ్వి తిరుగవేసెడివారు. ఆ త్రవ్వుటయే శిష్యుల తొలి వ్యాయామము. తరువాత దండీలు, బస్కీలు, సంగడములు, గదలు. వస్తాదు కాళ్లకు మ్రొక్కి, మన్ను కన్నుల కద్దుకొనిగాని గోదాలో దిగరాదు. ఎదుటివాని రెండు భుజములను వెనుకకు నేలకు తాకించినచో చిత్తు, పోరు ముగిసినట్లే. దానికి గడియారము లేదు, త్రాళ్లు లేవు, గంట లేదు. ఒక పోరు క్షణములో ముగియవచ్చును, పూటంతయు సాగవచ్చును.

ఇట్టి విద్యను పోషించినవారు సంస్థానాధీశులు. పాలు, నెయ్యి, బాదముపప్పు, మాంసము ఇచ్చి మల్లులను సాకుట వారికి ఏనుగులను సాకుటవలె ఘనతగా నుండెను. కొల్హాపుర ప్రభువు షాహూ మహారాజు ఖాస్‌బాగ్ అను కుస్తీ మైదానమును 1912 నాటికి నిర్మింపజేసెను. నడుమ గోదా, చుట్టును మెట్లవలె పైకి లేచిన కూర్చుండు చోటులు; ఎంత వెనుక కూర్చుండినవానికైనను గోదా కనబడవలెనన్నది దాని యేర్పాటు.

ఆ రాజపోషణ యెట్టి మల్లులను తయారుచేసెనో గామా జీవితమున చూడవచ్చును. ఆతని యసలు పేరు గులామ్ మహమ్మద్. 1878లో అమృతసర ప్రాంతమున జన్మించి, చిన్నతనముననే తండ్రిని గోలుపోయి, మల్లులైన బంధువుల యింట పెరిగెను. 1888లో జోధ్‌పూరు మహారాజు బస్కీల పోటీ యొకటి పెట్టగా నాలుగువందలకు పైగా మల్లులు కూడిరనియు, చివరివరకు నిలిచిన పదునైదుగురిలో పదేండ్ల గామా యొకడనియు, అతని వయస్సును మెచ్చి మహారాజు అతనినే విజేతగా ప్రకటించెననియు ఆతని చరిత్రలో చెప్పబడుచున్నది. ఆ దినమున ప్రేక్షకులు చూచినది ఒక బాలుని. ఆ బాలుడు చూచినది తాను చేరవలసిన లోకమును.

1910లో శరత్ కుమార్ మిత్ర అను వంగదేశ ధనవంతుని సాయముతో గామా ఇంగ్లండు వెడలెను. మనిషి పొట్టివాడని అక్కడివారు మొదట పోటీలో చేర్చుకొనలేదు. ఎంత బరువువారినైనను ముగ్గురిని ముప్పది నిముషములలో పడవైచెదనని ఆతడు సవాలు చేసెను. అమెరికా మల్లుడు డాక్టరు రోలరును ఓడించెను. సెప్టెంబరు 10వ తేదీన లండనులో పోలండు దేశపు మహామల్లుడు జబిస్కోతో తలపడెను. ఆ పోరు రెండున్నర గంటలకు పైగా సాగెను. గామా బలమెరిగిన జబిస్కో చాలసేపు చాపపై బోరగిలి కదలక మెదలక పడియుండెను. ఎవరును చిత్తు కాలేదు. వారము దినములకు మరల పోరు నిర్ణయింపబడెను గాని జబిస్కో రాలేదు. ‘జాన్ బుల్’ పట్టా గామా నడుమున కెక్కెను.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. నాటి లండను పోరు నిజమైన పోరు. కాని టిక్కెట్టుకొని వచ్చినవారికి అది విసుగు పుట్టించెను. ఇద్దరు మహాబలులు సమముగా నున్నచో నిజమైన కుస్తీ యిట్లే యుండును. కండలు బిగియును, కాలము నడచును, కంటికి కనబడునది కొంచెము. పదునెనిమిదేండ్ల పిమ్మట 1928 జనవరిలో పటియాలా మహారాజు జబిస్కోను రప్పించి, లోతైన మట్టిగోదాలో గామాతో పోరు పెట్టించెను. అది నిమిషము నిండక మునుపే ముగిసెను, జబిస్కో చిత్తయ్యెను. దూరదేశములనుండి వచ్చిన జనులు కూర్చుండి సర్దుకొనులోపలనే వచ్చిన పని ముగిసెను. రాజు ఖర్చు పెట్టెను గనుక ఎవరికిని నష్టము లేదు. టిక్కెట్ల మీద బ్రతుకు వ్యాపారి యట్టి పోరును భరింపగలడా? కుస్తీ మారుటకు కారణము ఈ ప్రశ్నలోనే యున్నది.

డేరాలో కలియుగ భీముడు

తెలుగునాట బలప్రదర్శనకు టిక్కెట్టు పెట్టి డేరా వేసినవారిలో కోడి రామమూర్తినాయుడు అగ్రగణ్యుడు. ఆయన జన్మస్థలము 2022 వరకు శ్రీకాకుళ మండలమున నుండిన వీరఘట్టము. చిన్ననాటనే తల్లిని గోలుపోయి, విజయనగరమున పినతండ్రి యొద్ద పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామవిద్య నభ్యసించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడయ్యెను. పిదప సర్కసు సమితిని నెలకొల్పి దేశమంతట తిరిగెను. ఛాతిమీద ఏనుగును నిలుపుకొనుట, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, కదలుచున్న మోటారు కార్లను ఆపుట ఆయనకు కీర్తి తెచ్చిన విద్యలు. ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులిస్’ అను బిరుదములు ఆయనను వెదకికొని వచ్చెను.

ఆ డేరాలో ముందువరుస నేలపై గూర్చుండినవారు పిల్లలు. అంతకు మునుపు రాజు కోటలోనికి పోయి కుస్తీ చూచు భాగ్యము పాలేరు కొడుకునకు లేదు. అణాలు చెల్లించినవాడెల్ల చూడవచ్చునని సర్కసు చెప్పెను. ఇది చిన్న మార్పు కాదు. రామమూర్తి ఆ ప్రదర్శనలతో బాటు బ్రహ్మచర్యమును, శాకాహారమును, ప్రాణాయామమును గూడ బోధించుచుండెను. తన బలము మాయ కాదు, అభ్యాసమని చెప్పుటయే ఆయన ధ్యేయము. ఆయన చివరి దినములు మాత్రము సుఖముగా గడువలేదు. కాలికి పుండు లేచి, శస్త్రచికిత్సలో కాలు పోగొట్టుకొని, 1942లో ఒరిస్సా ప్రాంతమున దేహము చాలించెను. నేడు విశాఖపట్టణ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది.

త్రాళ్ల గోదా

ఇంతలో అమెరికాలో కుస్తీ మరియొక రూపము దాల్చెను. 1920 తరువాత అక్కడి నిర్వాహకులు కొందరు, అందు ముఖ్యముగా ‘స్ట్రాంగ్లర్’ లూయిస్, బిల్లీ శాండో, టూట్స్ మాండ్ట్ అను మువ్వురు, నిజపు కుస్తీ జనులకు విసుగు కలిగించుచున్నదని గ్రహించి దానిని ఆటగా మార్చిరి. పోరుకు కాలపరిమితి పెట్టిరి. ఎత్తివేతలు, విసరివేతలు, ముష్టిఘాతములు కలిపిరి. ఎవరెవరితో ఎప్పుడు పోరవలెనో, ఎవరు గెలువవలెనో ముందే నిర్ణయించిరి. నాటకమునకు కథ వ్రాసినట్లు కుస్తీకిని కథ వ్రాసిరి.

ఆ కథ యొకసారి అడ్డము తిరిగెను. 1925లో వేన్ మన్ అను ఫుట్‌బాలు ఆటగానిని విజేతగా నిలిపి, అతని చేతిలో ఓడిపొమ్మని ఒక వృద్ధమల్లునితో ఒడంబడిక చేసికొనిరి. ఆ వృద్ధుడు మరెవరో కాదు, లండనులో గామా క్రింద రెండున్నర గంటలు పడియుండిన జబిస్కోయే. గోదాలో దిగిన పిమ్మట అతడు ఒడంబడికను గాలికి వదలి, కుస్తీ సరిగా రాని ఆ విజేతను నిజముగా చిత్తుచేసి పట్టాను గైకొనెను. చూచినవారికి ఏది నటనయో, ఏది నిజమో తెలియనేలేదు.

ఆ విధమైన కుస్తీ మన వైపునకు ‘ఫ్రీస్టయిల్’ అను పేర నడచి వచ్చెను. సింగపూరులోని ‘గ్రేట్ వరల్డ్’, ‘హ్యాపీ వరల్డ్’ అను వినోదోద్యానములు దానికి నిలయములు. హంగేరీ జాతీయుడైన ఎమిల్ చాయా అక్కడ కింగ్‌కాంగు అను పేర ప్రసిద్ధుడయ్యెను. నాలుగువందల పౌనుల మనిషి, గుబురుగడ్డము, గర్జన. ఆ పేరునకు తగిన రూపము. 1928లో అమృతసర మండలమునందలి ధర్మూచక్ గ్రామమున రైతుకుటుంబములో పుట్టిన దారాసింగు జీవనోపాధికై సింగపూరు చేరి, అక్కడనే హర్నామ్ సింగ్ అను గురువు నొద్ద ఈ కుస్తీ నేర్చెను.

స్వదేశమున అప్పటికి కాలము మారినది. 1947 తరువాత సంస్థానములు దేశమున విలీనమయ్యెను. 1971లో రాజభరణములును రద్దయ్యెను. మల్లుని సాకెడి మహారాజు లేడు. ఆతని స్థానమున టిక్కెట్టు కొనెడి జనుడు నిలిచెను. గామా స్వయముగా విభజనానంతరము లాహోరులో పూర్వపు పోషణ కరవై జీవించి 1960లో మరణించెను. దారాసింగు తరమువారు మాత్రము జనులను నమ్ముకొనిరి. ఆతడు 1954లో ‘రుస్తుం-ఎ-హింద్’ అయ్యెను. 1959లో కలకత్తాలో కామన్వెల్తు విజేతయయ్యెను. 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను గెలిచి ప్రపంచ విజేతగా ప్రకటింపబడెను. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు మొదలగు నగరముల క్రీడారంగములు ఈ కుస్తీలకు క్రిక్కిరిసినవి.

బాలుని కంటితో

ఆనాటి పెద్దలు చెప్పు మాటలను దగ్గరకు చేర్చి చూచినచో, బాలుడు చూచిన దృశ్యము ఇట్లుండును. మొదట గోడకాగితము. దానిమీద ఇద్దరు మల్లుల బొమ్మలు. ఒకడు నవ్వుచు, ఒకడు పండ్లు కొరుకుచు. బండికి కట్టిన మైకులో కేక. ఇంటియొద్ద బ్రతిమాలుట, అలుక, చివరకు తండ్రి ఒప్పుకోలు. సాయంత్రమున జనసమ్మర్దము. విద్యుద్దీపముల క్రింద ఎత్తైన అరుగు, దానిచుట్టు త్రాళ్లు. బాలునకు ముందు వరుసవారి తలలే కనబడును. తండ్రి భుజమెక్కినపుడు లోకమంతయు కనబడును.

మొదట చిన్న జోడులు. తరువాత ముసుగు ధరించిన మల్లుడొకడు. అతని ముఖమెట్టిదో యని పిల్లల గుసగుసలు. చివరకు కింగ్‌కాంగు. అతడు త్రాళ్లపై చేయివైచి జనులను చూచి గర్జించును. జనులు కేకలు వేయుదురు. అతడు మధ్యస్థుని కన్ను గప్పి జుట్టు పట్టును, కంట పొడుచును. మధ్యస్థుడు తప్ప అందరును చూచుచున్నారు! బాలుడు గొంతు చించుకొని మధ్యస్థునికి చెప్పజూచును. ఆ కేక వేలమంది కేకలలో కలసిపోవును. చాణూరుని చూచి మధురలోని స్త్రీలు పలికిన నిందయే ఇది. న్యాయము చేయవలసినవాడు చూడకున్నాడన్న బాధ ఆ పసివానికి బహుశః అదే మొదటిసారి. అంతట దారాసింగు లేచును. లేచి ఎత్తును. ఆ యెత్తుటలో బాలుని బాధ అంతయు తీరును.

ఇంటికి వచ్చిన మరునాడు గడ్డివామి క్రింద, చెరువుగట్టున, బడి వెనుక గోదాలు వెలసెను. ఎవడును కింగ్‌కాంగు కానొల్లడు. ఊరిలో బొద్దుగా నుండు పిల్లవానికి ఆ పదవి బలవంతముగా అంటగట్టబడును. మోచేతులు గీరుకొనును, చొక్కాలు చినుగును, తల్లుల చేతి దెబ్బలు తగులును. నవ్వు పుట్టించు ఈ సంగతులే సామాన్యజనుల చరిత్ర. గెజిట్లలో వీనికి చోటు లేదు.

తెలియవచ్చిన సంగతి

కాలక్రమమున బాలుడు పెద్దవాడయ్యెను. ఎవరో ఒకరు, పెదతండ్రియో, బడిపంతులో, “అదంతయు ముందే మాట్లాడుకొన్న ఆటరా” అని నవ్వెను. ఆ మాట కొందరికి దేవుడు లేడన్నంత దెబ్బ. ప్రపంచమంతట ఈ త్రాళ్ల కుస్తీలు ఎక్కువ భాగము ఒడంబడికపై నడచిన ప్రదర్శనలే. 1989లో అమెరికా యందలి న్యూజెర్సీ రాష్ట్రమున ఒక పెద్ద ప్రదర్శన సంస్థవారు తమది పోటీ కాదు, వినోదమని చట్టసభ యెదుట తామే చెప్పుకొనిరి. క్రీడాపోటీలకు గల పన్నులు, తనిఖీలు తప్పించుకొనుటకై ఆ యొప్పుకోలు.

అంతమాత్రమున వారి బలమును వట్టిదనుటయు పొరపాటే. నాలుగువందల పౌనుల మనిషిని ఎత్తుటకు ఒడంబడిక చాలదు, నడుము కావలెను. అరుగుపై పడుటకు కథ చాలదు, ఏండ్ల అభ్యాసము కావలెను. నటనకును నిజమునకును నడుమ గోడ యెంత పలుచనిదో 1976 డిసెంబరులో కరాచీ నగరమున వెల్లడియయ్యెను. గామా తమ్ముని కుమారుడు అక్రమ్, జపాను మల్లుడు ఆంటోనియో ఇనోకితో తలపడెను. ప్రదర్శనగా సాగునని తలచిన పోరు నిజపోరై, అక్రమ్ చేయి దెబ్బతిని మూడవ విడతలో ఆగిపోయెను. చూచుచున్న వేలమంది మౌనముగా ఇండ్లకు మరలిరి.

దారాసింగు 1983లో గోదా విడిచెను. 1987లో ప్రసారమైన దూరదర్శన్ ‘రామాయణము’లో ఆతడు హనుమంతుడై కనబడగా, నాడు తండ్రి భుజముపై నుండి చూచినవారు నేడు తమ బిడ్డలను ఒడిలో గూర్చుండబెట్టుకొని చూచిరి. గెలుపోటముల సంగతి తెలిసిన పిమ్మట గూడ వారి చేతులు జోడింపబడెను. 2003లో రాజ్యసభకు నియమితుడై, 2012 జూలై 12న ఆతడు మరణించెను. కింగ్‌కాంగు అంతకు ఎంతో మునుపే, 1970లో, రోడ్డు ప్రమాదమున గాయపడి సింగపూరులో కన్నుమూసెను. గోదాలో వేలమంది శాపనార్థములు పెట్టిన ఆ మనిషి శత్రువు కాడు, పాత్రధారి యని తెలిసినవారు ఆ వార్త విని జాలిపడిరి.

జ్ఞాపకము మరచిన మల్లుడు

ఇక్కడ జ్ఞాపకము చేసిన అన్యాయ మొకటి చెప్పక తప్పదు. టిక్కెట్టు కుస్తీలు దేశమును ఊపుచున్న ఆ దశాబ్దముననే నిజమైన కుస్తీలో భారతదేశమునకు ఒలింపికు పతకము వచ్చినది. తెచ్చినవాడు ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్. మహారాష్ట్రమున కరాడ్ సమీపమునందలి గోళేశ్వర్ అను పల్లె అతనిది. తండ్రి మల్లుడు, అయిదేండ్ల ప్రాయముననే కొడుకును గోదాలో దింపెను. 1948 లండను ఒలింపికులలో అతడు ఆరవ స్థానము పొందెను. జీవితమున అంతవరకు మట్టిలోనే పోరినవాడు మొదటిసారి చాపపై పోరెను.

1952లో హెల్సింకీ పోవుటకు ధనము లేదు. ఊరివారు చందాలు వేసికొనిరి. ఆతడు చదివిన కళాశాల ప్రిన్సిపాలు ఖర్డేకర్ తన ఇంటిని తాకట్టు పెట్టి ఏడువేల రూపాయలు సమకూర్చెను. జాధవ్ కాంస్యపతకముతో తిరిగివచ్చెను. స్వతంత్ర భారతదేశమునకు వ్యక్తిగతముగా వచ్చిన తొలి ఒలింపికు పతకమదియే. ఎడ్లబండ్లు నూటికి పైగా బారులుతీరి ఆతనిని స్టేషను నుండి ఊరికి ఊరేగించినవి. పిమ్మట ఆతడు చేసిన మొదటిపని కుస్తీపోటీలు జరిపించి, వచ్చిన సొమ్ముతో గురువు ఇంటిని విడిపించుట. అట్టి రెండవ పతకము రావలెనన్న దేశము 1996 వరకు, నలుబది నాలుగేండ్లు, వేచియుండవలసి వచ్చెను. కుస్తీలోనైతే 2008 వరకు.

జాధవ్ పోలీసుశాఖలో సబ్ఇన్‌స్పెక్టరుగా చేరి, పింఛనుకై తిప్పలుపడి, 1984లో రోడ్డు ప్రమాదమున మరణించెను. అర్జున పురస్కారము ఆతని మరణానంతరము గాని రాలేదు. రచ్చబండ మీద కింగ్‌కాంగు తిన్న కోళ్ల లెక్క చెప్పగలవారు ఎందరో కలరు. జాధవ్ పేరు చెప్పగలవారు ఎందరు? తప్పు పిల్లలది కాదు. వారికెవరును ఆ పోరును చూపలేదు, గోడకాగితము అంటింపలేదు. హెల్సింకీలో పోరినవానికి మైకు కట్టిన బండి లేదు.

జ్ఞాపకము, గ్రంథము

కాబట్టి బాల్యస్మృతిని ఎంతవరకు నమ్మవలెను? ఆ రాత్రి జనులు ఎట్లుండిరి, ఏమని కేకలువేసిరి, తండ్రి భుజము మీద నుండి చూచిన లోకమెట్టిది, మరునాడు ఊరిలో ఏమి జరిగెను అను విషయములకు బాలునికన్న మించిన సాక్షి లేడు. ఎవరు నిజముగా మేటి మల్లుడు, ఏ పోరు నిజము, ఎవరికి దేశము ఋణపడినది అను విషయములకు ఆ సాక్ష్యము చాలదు. వ్రాతలను, తేదీలను, ఇతరుల మాటలను ప్రక్కన పెట్టి చూడవలెను. ఒకటి లేనిదే మరియొకటి కుంటిది. స్మృతి లేని చరిత్ర గెలుపోటముల పట్టిక. చరిత్ర లేని స్మృతి కోడిగ్రుడ్ల లెక్క.

గ్రామ గ్రంథాలయమునకు ఈ రెండింటిని ఒకచోట చేర్చు శక్తి కలదు. అలమారలో పేయెస్ వ్రాతలకును, గామా చరిత్రకును చోటున్నట్లే, ఊరిపెద్దలు చెప్పు కుస్తీముచ్చట్లకు ఒక నోటుపుస్తకము ఉండవచ్చును. ఏ యేడు, ఏ పట్నము, టిక్కెట్టు ఎంత, ఎవరితో పోయిరి, ఏమి చూచిరి అని అడిగి వ్రాసికొన్నచో చాలును. 1960లో పదేండ్ల బాలుడైనవాడు నేడు డెబ్బదియైదు దాటినవాడు. అడుగవలసిన కాలము ఎంతయో మిగిలి లేదు.

ఆ పుస్తకములో మొదటి పుటపై దారాసింగు పేరే వ్రాయబడును. అది తప్పు కాదు. దానికి ఎదుటి పుటలో గోళేశ్వర్ మల్లుని పేరును, వీరఘట్టపు బలశాలి పేరును వ్రాసియుంచినచో, తాత చెప్పిన కథ విని అలమార యొద్దకు వచ్చిన మనుమనికి రెండును చదువుకొను వీలుండును.